పంతులుగారికి దక్కని ఆశీస్సు

1946 వేసవిలో మద్రాసు శాసనసభా కాంగ్రెస్ పక్షం తన నాయకుణ్ణి ఎన్నుకోవడానికి రెండుసార్లు ఓటు వేసింది. మొదటి ఓటు రాజాజీ కావాలా వద్దా అన్నదాని మీద. కావాలన్నది గాంధీజీ మాట. ఢిల్లీలో కాంగ్రెస్ పెద్దల మాట కూడా అదే. అయినా 148 మంది సభ్యులు వద్దన్నారు, 38 మంది మాత్రమే కావాలన్నారు. రెండో ఓటు టంగుటూరి ప్రకాశం పంతులుకూ ముత్తురంగ మొదలియారుకూ మధ్య. మొదలియారు వెనక తమిళనాడు కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్ నిలబడ్డారు. పంతులు పేరు చెప్పి పంపిన పెద్దమనిషి ఢిల్లీలో ఒక్కరూ లేరు. ఓట్లు లెక్కపెడితే పంతులుకు 82, మొదలియారుకు 69 వచ్చాయి.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే గుండె కలుక్కుమంటుంది. మొదటిసారి ఓటు వేసినవాళ్లు 186 మంది. రెండోసారి వేసినవాళ్లు 151 మందే. తగ్గిన ఆ 35 మందీ దాదాపు రాజాజీకి పడినన్ని ఓట్లు. తమ నాయకుడు లేని పోటీలో ఆ వర్గం ఎటూ చెయ్యెత్తకుండా ఊరుకుంది. అంటే పంతులు గెలిచిన రోజునే ఆయన్ను దించడానికి కావలసిన బలగమంతా అక్కడే ఉంది. ఓడిన 69 మంది, ఊరుకున్న 35 మంది. రెండు వర్గాలూ ఏకమైతే 104. ఏకం కావడానికి వాళ్లకు పదకొండు నెలలు కూడా పట్టలేదు.

ప్రకాశం మా గోదావరి నేల మీద పుట్టిన మనిషి కాదు. 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. పరీక్ష ఫీజు మూడు రూపాయల కోసం ఆవిడ తన పట్టుచీర కుదువ పెట్టిందని తెలుగు ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కుర్రాణ్ణి పైకి తెచ్చింది మాత్రం రాజమండ్రి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు తాను రాజమండ్రికి మకాం మారుస్తూ ఇతణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. చదివించాడు. నాయుడుగారికి నాటకాలంటే ప్రాణం, శిష్యుడికి అంతకన్నా ఎక్కువ. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి నాటకాల్లో ప్రకాశం ముఖానికి రంగు పూసుకుని వేషాలు కట్టాడు. ఆడవేషాలు కూడా వేశాడు. వేలమంది ముందు నిలబడి గొంతెత్తడం, జనం కళ్లలోకి చూసి మాట్లాడటం ఆయన ఆ రంగస్థలం మీదే నేర్చుకున్నాడని నా నమ్మకం.

ప్లీడరు పరీక్ష పాసై, కొన్నాళ్లు ఒంగోలులో చేసి, మళ్లీ గోదావరి ఒడ్డుకే వచ్చాడు. ప్రాక్టీసు జోరుగా సాగింది, చేతినిండా డబ్బు ఆడింది. వార్డు కౌన్సిలరుగా మొదలుపెట్టి రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్ అయ్యాడు. ఆ రోజుల్లో ఓటు అందరికీ లేదు. పన్ను కట్టగలిగిన కొద్దిమందికే ఉండేది. ఆ కొద్దిమందిలో జమీందార్లు, పెద్ద వకీళ్లు, వర్తకులు. వీరేశలింగంగారి ఊరు, న్యాపతి సుబ్బారావుగారి ఊరు అది. అలాంటి చోట పూటకూళ్ల ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు ఊరి కుర్చీలో కూర్చున్నాడంటే, పెద్దింటి సిఫారసుతో కాదు, ఇంటింటికీ తిరిగి ఓటు తెచ్చుకునే కూర్చున్నాడు. రాజకీయంలో ఆయన నేర్చిన మొదటి పాఠం అది. ఓటరు దగ్గరికి పోవాలి, అతణ్ణి ఒప్పించాలి, లెక్క తేలితే గెలిచినట్టే. జీవితాంతం ఆ పాఠమే నమ్మాడు. ఆయన ఎదిగిన పార్టీలో ఆ పాఠం ఒక్కటే చాలదని మాత్రం ఎవరూ ఆయనకు చెప్పలేదు, చెప్పినా వినే మనిషి కాదు.

అర్హత అన్న మాట ఆయన్ను అప్పటి నుంచే వెంటాడింది. రెండో తరగతి ప్లీడరుకు హైకోర్టులో నిలబడి వాదించే హక్కు లేదు. ఎంత పేరున్నా, ఎన్ని కేసులు గెలిచినా అప్పీలు మద్రాసుకు పోగానే ఫైలు వేరే వకీలు చేతిలో పెట్టి రావలసిందే. దాంతో ఇక్కడి సంపాదన, కుర్చీ వదిలేసి 1904లో ఇంగ్లండుకు ఓడ ఎక్కాడు. అక్కడ బారిస్టరు చదువుతూనే, బ్రిటిష్ పార్లమెంటుకు మళ్లీ పోటీ చేసిన దాదాభాయి నౌరోజీ కోసం ఎన్నికల ప్రచారంలో తిరిగాడు. 1906లో నార్త్ లాంబెత్‌లో నౌరోజీ ఓడిపోయారు. ముప్పయ్యేళ్లు దాటిన ఒక తెలుగు వకీలు, లండన్ వీధుల్లో ఒక పార్సీ పెద్దాయన కోసం తలుపులు తట్టడం తలుచుకుంటే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపవుతుంది.

తిరిగొచ్చి మద్రాసులో బారిస్టరుగా ఆయన సంపాదించిన డబ్బు సామాన్యం కాదు. బిపిన్ చంద్రపాల్ మద్రాసు వస్తే ఆయన సభకు అధ్యక్షత వహించడానికి పెద్దపెద్దవాళ్లు జంకిన రోజుల్లో ప్రకాశం ఆ కుర్చీలో కూర్చున్నారు. 1921లో గాంధీజీ పిలుపు విని ప్రాక్టీసు వదిలేశారు. 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. ఆ పత్రిక బారిస్టరుగా గడించిన ఆస్తినంతా తినేసింది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌ను బహిష్కరిస్తూ మద్రాసు నగరం ఆగిపోయిన రోజున, హైకోర్టు దగ్గర తుపాకులు ఎక్కుపెట్టిన పోలీసుల ముందు చొక్కా గుండీలు విప్పి నిలబడ్డారు. ఆంధ్ర దేశం ఆయన్ను ఆంధ్రకేసరి అన్నది అప్పుడే.

1937లో కాంగ్రెస్ మొదటిసారి మద్రాసులో గద్దె ఎక్కింది. అప్పుడు ప్రకాశం పోటీకి దిగకుండా రాజాజీకి దారి ఇచ్చి, ఆయన మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా చేరారు. ఈ మాట చాలామంది మరిచిపోతారు. పదవి కోసం పాకులాడాడని తరవాత అన్నవాళ్లకు, చేతిదాకా వచ్చినదాన్ని వదులుకున్న 1937 గుర్తుకు రాలేదు. రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షుడై, రైతుల సాక్ష్యాలు, జమీందార్ల సాక్ష్యాలు గుట్టలుగా సేకరించి 1938లో నివేదిక ఇచ్చారు. భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలు చేసేవాడే, శిస్తు 1802 నాటి మట్టానికి దిగాలి అన్నది ఆ నివేదిక సారం. పిఠాపురం లాంటి పెద్ద జమీలున్న గోదావరి జిల్లాల్లో ఆ మాటలు విన్న రైతుకు అవి ఎలా వినిపించి ఉంటాయో ఊహించుకోవచ్చు. నివేదిక చట్టం కాకముందే 1939లో ప్రభుత్వం రాజీనామా చేసింది.

ఆ 1939లోనే ఇంకో సంగతి జరిగింది. అది మా ప్రాంతపు మనిషి పేరుతో ముడిపడి ఉంది. పాత పశ్చిమ గోదావరి జిల్లాలోని గుండుగొలనులో పుట్టిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ చేశారు. గాంధీజీ ఆశీస్సులు ఆయనకే. ఎదురు నిలిచింది సుభాష్ చంద్ర బోస్. దేశమంతటి ప్రతినిధులు ఓటు వేస్తే బోసుకు 1580, పట్టాభికి 1377 వచ్చాయి. పట్టాభి ఓటమి తన ఓటమేనని గాంధీజీ ప్రకటించారు. గెలిచిన బోసు కొద్ది నెలలకే, ఏప్రిల్‌లో, అధ్యక్ష పదవి వదులుకోక తప్పలేదు. పెద్దల దీవెన లేకుండా ఓట్లతో గెలిచినవాడు ఆ పార్టీలో నిలవలేడని దేశమంతా చూసింది. ప్రకాశం కూడా చూశారు. చూసి కూడా ఏడేళ్ల తరవాత ఓట్లనే నమ్ముకున్నారు.

1942లో క్విట్ ఇండియా తీర్మానానికి ముందే రాజాజీ కాంగ్రెస్ నుంచి బయటికి వెళ్లిపోయారు. ముస్లిం లీగ్ కోరిక విషయంలో రాజీ పడాలన్నది ఆయన వాదం. ప్రకాశం, కామరాజ్ లాంటివాళ్లు ఆ మూడేళ్లూ జైలు గోడల మధ్య గడిపారు. కాబట్టి 1946లో ఎన్నికలు రాగానే రాజాజీని మళ్లీ నెత్తిన పెట్టుకోవాలన్న ఢిల్లీ మాట జైలు నుంచి వచ్చిన సభ్యులకు పుండు మీద కారం చల్లినట్టయింది. అప్పుడే దక్షిణ భారత హిందీ ప్రచార సభ కోసం మద్రాసు వచ్చి వెళ్లిన గాంధీజీ 'హరిజన్' పత్రికలో రాజాజీయే దక్షిణాదిలో అందరికన్నా తగినవాడని రాశారు. ఆయన్ను వ్యతిరేకించేవాళ్లను ఒక ముఠా అన్నారు. ఆ మాటకు నొచ్చుకుని కామరాజ్ పార్లమెంటరీ బోర్డుకు రాజీనామా ఇచ్చారు. తమిళ కాంగ్రెస్ మనసు విరిగింది ఆ ఒక్క మాటతోనే. మద్రాసు రాష్ట్రంలో గాంధీజీ మాట ఓటులో ఓడిపోవడం అంతకుముందు ఎవరూ ఊహించని విషయం.

అయితే పంతులు విషయంలో గాంధీజీకి ఇంకో అభ్యంతరం ఉంది. అది రాజకీయం కాదు, నీతికి సంబంధించినది. ప్రకాశం ఊరూరా తిరుగుతుంటే జనం పర్సులు సమర్పించేవారు. ఆ సొమ్మును ఆయన సొంత ఖర్చులకు వాడుకున్నారని, ప్రజల డబ్బు అలా వాడుకున్నవాడు పెద్ద పదవికి తగడని గాంధీజీ పట్టు పట్టారు. ఈ వివాదంలో నేను ఎటున్నానో చెప్పాలి. గాంధీజీ అభ్యంతరంలో కల్మషం లేదు. ప్రజాసేవకుడి చేతికి వచ్చిన ప్రతి పైసాకూ లెక్క ఉండాలన్నది ఆయన జన్మంతా పాటించిన నియమం. కానీ పర్సు ఇచ్చిన రైతు, పర్సు తీసుకున్న పంతులు ఎవరో కూడా చూడాలి. లక్షలు సంపాదించగలిగిన ప్రాక్టీసును 1921లో వదిలేసి, ఉన్నదంతా పత్రికకు ధారపోసి, కట్టుబట్టలతో మిగిలిన ముసలాయనకు మీరు తినండి, తిరగండి అని జనం ఇచ్చిన డబ్బది. ఇచ్చినవాళ్లలో ఎవరూ లెక్క అడగలేదు. చందా వేరు, కానుక వేరు. ఒంగోలు, రాజమండ్రి, కాకినాడ వీధుల్లో నిలబడి దండ వేసి చేతిలో మూట పెట్టిన మనిషికి ఆ తేడా తెలుసు.

అర్హతను తూచే తక్కెడ ఒకటే ఉండాలి. పర్సు తీసుకున్నవాడు పదవికి తగడంటే, 1942లో పార్టీ వదిలిపోయినవాడు తగునా? ఈ ప్రశ్న నాటి సభ్యులు గట్టిగా అడిగారు, 148 ఓట్లతో అడిగారు. దానికి ఢిల్లీ నుంచి జవాబు రాలేదు.

1946 ఏప్రిల్ 30న పంతులు మద్రాసు ప్రధానిగా ప్రమాణం చేశారు. ఇప్పుడు ముఖ్యమంత్రి అంటున్నదాన్ని అప్పుడు ప్రధాని అనేవాళ్లు. డెబ్బై నాలుగో ఏట కూడా ఆయన పని ఆవేశంగానే మొదలుపెట్టారు. ఫిర్కాలను, అంటే కొన్ని ఊళ్ల గుంపులను, ఎంచుకుని ఊళ్లకు నీళ్లు, బాటలు, వైద్యం ఒకే పథకం కింద చేర్చాలన్నారు. కొత్త బట్టల మిల్లులకు అనుమతి ఇవ్వబోమని, ఖద్దరుతోనే రాష్ట్రం గుడ్డ కట్టుకోవాలని ప్రకటించారు. ఈ ఆలోచన గాంధీజీదే. కానీ ఆ ఆలోచనను ప్రభుత్వ విధానంగా మార్చిన మొదటి మనిషికి గాంధీజీ అనుచరుల నుంచే చేయూత దొరకలేదు. మిల్లు యజమానులు ఒకవైపు, వాళ్లతో వరసలున్న సభ్యులు మరోవైపు మొరపెట్టారు. 1947 జనవరిలో కమ్యూనిస్టులను అరెస్టు చేయడానికి ఆర్డినెన్స్ తెచ్చారు. దాంతో సాధారణంగా తనను సమర్థించే పేద జనంలో కొందరు కూడా ఆయనకు దూరమయ్యారు. కృష్ణా, గోదావరి ఊళ్లలో రైతు కూలీ సంఘాలు నడిపే కుర్రాళ్లు జైళ్లకు పోయారు. జైలు గోడలు చూసిన పంతులు వేరేవాళ్లను విచారణ లేకుండా జైళ్లకు పంపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయన పతనానికి అది ప్రధాన కారణం కాకపోవచ్చు, కానీ ఆయన మీద మచ్చ మాత్రం అదే.

కర్ణుడి చావుకు కారణాలు అనేకం అంటారు. పంతులు గద్దె దిగడానికీ అలాగే. మంత్రివర్గం కూర్చేటప్పుడు వర్గాలను బుజ్జగించే అలవాటు ఆయనకు లేదు. కామరాజ్‌ను దగ్గరికి తీసుకోలేదు. సొంత ఆంధ్రలో పట్టాభి వర్గం ఆయనకు ఏనాడూ మిత్రపక్షం కాదు. ఆ వర్గంలో చురుకైన నాయకుడు కోనసీమ నుంచి వచ్చిన కళా వెంకటరావు. శాసనసభ గురించి, సభ్యుల లెక్కల గురించి ఆయనకు తెలిసినంత ఆ రోజుల్లో ఆంధ్ర కాంగ్రెస్‌లో ఇంకెవరికీ తెలియదని చెప్పినా అతిశయోక్తి కాదు. కామరాజ్ వర్గం, రాజాజీ వర్గం, పట్టాభి వర్గం: ఒకదానికొకటి సరిపడని ఈ మూడు గుంపులూ ఒక్క విషయంలో కలిశాయి. పంతులు వద్దు. 1947 మార్చిలో పక్షం అవిశ్వాసం చెప్పింది. మార్చి 23న ఓమందూరు రామస్వామి రెడ్డియార్ కొత్త ప్రధానిగా ప్రమాణం చేశారు.

దేశానికి స్వాతంత్ర్యం రావడానికి అప్పటికి ఐదు నెలలు కూడా లేదు. సైమన్ తుపాకుల ముందు చొక్కా విప్పినవాడు, 1921 నుంచి జైలుకూ బయటికీ తిరిగినవాడు ఆగస్టు 15న సాధారణ సభ్యుడిగా జెండా చూశారు. రెవెన్యూ శాఖ కళా వెంకటరావు చేతికి వచ్చింది. 1938 నివేదిక పుట్టిన దారిలోనే 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. పిఠాపురం రైతు పట్టా పుచ్చుకున్నాడు. ఆ చట్టం చేసిన మంత్రి గోదావరి జిల్లావాడు కావడం మాకు గర్వకారణమే. కానీ దాని బీజం నాటిన మనిషిని ఆ చట్టం చేసిన చేతులే గద్దె దింపాయన్న సంగతి ఈ డెల్టాలో ఎవరూ గట్టిగా అనుకోరు.

అధికారం పోయాక పంతులు మౌనంగా ఉండే మనిషి కాదు. సొంత పార్టీ మంత్రుల మీద అవినీతి ఆరోపణలు చేశారు. పార్టీలో ఆయన మాట క్రమంగా వినపడకుండా పోయింది. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో ఎన్.జి. రంగా మీద నీలం సంజీవరెడ్డి గెలిచారు. రంగా, ప్రకాశం ఇద్దరూ కాంగ్రెస్ వదిలేశారు. ప్రకాశం ఆచార్య కృపలానీ పెట్టిన కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలోకి వెళ్లారు. వయసు దాదాపు డెబ్బై తొమ్మిది. ఆ వయసులో మనిషి తన ఇల్లు వదిలి వెళ్తే ఆ కడుపుమంట ఎంతటిదో అర్థమవుతుంది.

1952లో దేశమంతా మొదటిసారి అందరికీ ఓటు హక్కుతో ఎన్నికలు జరిగాయి. మద్రాసు శాసనసభలో 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. పాత మంత్రులు చాలామంది ఓడిపోయారు, కళా వెంకటరావు, బెజవాడ గోపాలరెడ్డి కూడా. మిగిలిన పార్టీలు కలిసి ఐక్య ప్రజాస్వామ్య కూటమి కట్టి ప్రకాశాన్ని నాయకుడిగా ఎన్నుకున్నాయి. 166 మంది సంతకాలతో తమకు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం ఇవ్వమని అడిగాయి. గవర్నరు శ్రీప్రకాశ ఆ కూటమిని పిలవలేదు. రాజాజీని శాసనమండలికి నామినేట్ చేశారు. ఆ ఎన్నికల్లో నిలబడని రాజాజీ ఏప్రిల్ 10న ముఖ్యమంత్రి అయ్యారు. సాహిత్యం, కళలు, సంఘసేవ లాంటి రంగాల్లో పేరున్నవాళ్ల కోసం రాజ్యాంగం పెట్టిన తలుపు అది. దాన్ని ఇలా వాడుకోవడం చెల్లదని కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు కొట్టేసింది.

1946లో, 1952లో ఎదురెదురుగా నిలిచినవి అవే రెండు పేర్లు. 1946లో ఓటు పంతులుది, దీవెన రాజాజీది. ఓటు పదకొండు నెలలు నిలిచింది. 1952లో సంఖ్యాబలం పంతులుది, దీవెన రాజాజీది. ఈసారి సంఖ్యను లెక్కించనేలేదు. చట్టం ముందు రాజాజీ అర్హుడే, కాదనను. ఆయన మేధావి, పరిపాలనాదక్షుడు, సచ్చీలుడు. కానీ ఎన్నిక గెలిచినవాళ్లను పక్కనపెట్టి, ఎన్నికలో నిలబడనివాణ్ణి గద్దె ఎక్కించడం ఈ దేశంలో ప్రజాస్వామ్యం తొలి అడుగు వేసిన రోజుల్లోనే జరిగిపోయింది. ఇదే పద్ధతి తరవాతి కాలంలో మరింత ముదిరింది. 1978 నుంచి 1983 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులు ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్లో దిగారు. ఐదేళ్లలో నలుగురు మారారు. శాసనసభ్యులు ఎవరిని కోరుకుంటున్నారో అడిగినవాళ్లు లేరు. ఇప్పటికీ రాజమండ్రిలో, అమలాపురంలో, భీమవరంలో ఎన్నికల వేళ ఏ పార్టీ వాడైనా అధినేత ఆశీస్సులతోనే అని ఫ్లెక్సీ కడతాడు. బీ ఫారం చేతికొచ్చేదాకా నిద్రపోడు. అమెరికాలో ప్రైమరీ అనే ఎన్నిక పెట్టి మామూలు జనం తమ అభ్యర్థిని తామే ఎంచుకుంటారు. అక్కడా పెద్దల మద్దతు ప్రకటనలు ఉంటాయి, వాటి బరువూ ఉంటుంది. కానీ చివరికి ఓటు లెక్కే నిలుస్తుంది.

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణతో 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని. కాంగ్రెస్‌కు పూర్తి బలం లేదు, బయటివాళ్ల తోడు కావాలి. అప్పుడు ఢిల్లీకి పంతులు గుర్తొచ్చారు. నెహ్రూ సరేనన్నారు. సంజీవరెడ్డి కుర్చీ ఆయనకు వదిలి ఉపముఖ్యమంత్రిగా నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి, ఎనభై ఒక్కేళ్ల వయసులో, పెద్దల దీవెన ప్రకాశానికి దక్కింది. ఏ పార్టీ తన గెలుపును ఓడగొట్టిందో అదే పార్టీ అవసరం కోసం పిలిస్తే ఆయన వెళ్లారు. రాష్ట్రం పుట్టిన రోజున దాని తొలి ముఖ్యమంత్రిగా నిలబడాలని ఎవరికి ఉండదు? ఆ కోరికను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు.

పదమూడు నెలల్లో ఆయన చేసిన పని తక్కువేమీ కాదు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు, కృష్ణ మీద కొత్త బ్యారేజీ పనులు ఆ కాలంలోనే మొదలయ్యాయి. కానీ మద్యనిషేధం మెడకు చుట్టుకుంది. నిషేధంతో ఉపాధి పోయిన కల్లుగీత కార్మికుల మొర ఊరూరా వినిపిస్తోంది. తాటితోపుల కోస్తా అంతటా, మన గోదావరి లంకల్లో సైతం, తాడిచెట్టు ఎక్కి బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్ల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. నిషేధం పనిచేయడం లేదని ఎస్.వి. రామమూర్తి సంఘం కూడా నివేదిక ఇచ్చింది. నిషేధం ఎత్తివేయడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. గాంధీజీ పట్టుబట్టిన సిద్ధాంతం అది. పర్సుల పేరు మీద తనను అనర్హుడన్న మహాత్ముడి మాటకు కట్టుబడి పంతులు తన కుర్చీని పణంగా పెట్టారు.

1954 నవంబరు 6న కర్నూలు సభలో అవిశ్వాస తీర్మానం ఓటుకు వచ్చింది. తీర్మానానికి అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68. ఒక్క ఓటు. ఇక్కడ ఆగి ఆ గదిని తలుచుకోవాలనిపిస్తుంది. ఎనభై రెండేళ్ల మనిషి, మద్రాసు హైకోర్టులో ఎన్నో తీర్పులు విన్నవాడు, తన మీద తీర్పు వింటున్నాడు. 1946లో పదమూడు ఓట్ల తేడాతో గెలిచినవాడు ఒక్క ఓటుతో దిగిపోయాడు. ఆ నెల నుంచే రాష్ట్రపతి పాలన వచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికల తరవాత ముఖ్యమంత్రి కుర్చీ బెజవాడ గోపాలరెడ్డికి దక్కింది.

ఆ తరవాత కూడా పంతులు ఇంట్లో కూర్చోలేదు. 1957 మే ఎండల్లో ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ వడదెబ్బకు గురయ్యారు. హైదరాబాదు ఆసుపత్రిలో మే 20న కన్నుమూశారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి సంజీవరెడ్డి. అదే ఏడాది రాజాజీ కాంగ్రెస్ నుంచి విడిపోయారు. రెండేళ్లకు ఆయన, రంగా కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించారు. 1946లో అందరికన్నా తగినవాడని కాంగ్రెస్ పెద్దలు చెప్పిన మనిషి కాంగ్రెస్‌కు ఎదురు నిలిచారు. తగడన్న మనిషి చితి మీదికి చేరేటప్పటికి ఆయనకు ఇల్లూ లేదు, బ్యాంకు ఖాతాలో చెప్పుకోదగ్గ డబ్బూ లేదు. పర్సులన్నీ ఎటు పోయాయో ఆ ఖాళీ చేతులే చెప్పాయి.

ఆయన తన కథను 'నా జీవిత యాత్ర' పేరుతో తానే రాసుకున్నారు. రాజమండ్రి రోజులు, నాటకాలు, ఛైర్మన్ ఎన్నికలు అందులో ఉత్సాహంగా సాగుతాయి. చివరి భాగం మాత్రం ఆయన రాయలేదు. ఆయన మంత్రివర్గంలో పనిచేసిన తెన్నేటి విశ్వనాథం దాన్ని పూర్తి చేశారు.